ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన

మస్తాన్ వలీ కేబుల్ పీకుతాడు.
మళ్ళీ పెడతాడు.
నూట నలభై మూడోసారి.
పెరుంగుడిలో నాలుగో అంతస్తు. ఏసీ ఏడింటికే ఆపేశారు.
కిటికీ తీస్తే చిత్తడి నేల వాసన,
దాని వెనకే చెత్తగుట్ట వాసన.

తెర మీద మళ్ళీ అదే మాట:
ఈ తాళాలు ఏదో ఒకనాడు
ఒకదాని కోసం ఒకటి చూస్తూ నిలిచిపోవచ్చు.

నిలిచిపోలేదు. అదే గొడవ.
"ఒక్కసారైనా హ్యాంగయిందా?" అన్నాడు దేవసహాయం.
లేదు సార్.
"మరి?"

మా సందు మొదట్లో ఇస్త్రీ బండి ఏళుమలై కూడా ఇంతే.
తెల్లారుజామున నీళ్ళ లారీ తూర్పు నుంచి వస్తుంది,
సాయంత్రం స్కూలు వ్యాను పడమర నుంచి.
ఎన్నడూ ఎదురుపడలేదు.
అయినా బొగ్గులు విసురుకుంటూ లెక్క కడతాడు:
లారీకి ఓ రోజు ఆలస్యమవుతుంది,
బడి ఓ రోజు ముందే వదిలేస్తారు,
నువ్వు వెనక్కి పో అంటే నువ్వే పో అంటారు,
ఇద్దరి వెనకా అప్పటికే పదేసి బళ్ళు.
పదకొండేళ్ళుగా చెబుతున్నాడు.
మేం నవ్వి, బట్టలు తీసుకుని వెళ్ళిపోతాం.

మొదటి హెచ్చరిక ఉత్తదే.
డాకుకి డాకు తగిలించాడు మస్తాన్, దాని తోకకి ఇంకోటి.
పైదాని తాళం చేత పట్టుకునే కిందిదాన్ని విడదీయాలి,
కిందిదానికీ ఓ తాళం.
కాపలావాడికి మొహాలు తెలీవు, ఇంటిపేర్లే తెలుసు.
చేవూరోళ్ళ తాళం చేతిలో ఉండగా
మళ్ళీ చేవూరోళ్ళదేనా! అని ఒకటే కేక.
ఒరే నాయనా, వీడు తండ్రి, వాడు కొడుకు.
మూడు వరసలు రాశాను,
ఎవరిది ఎన్నో తరమో చెప్పే అంకె.
సున్నా, ఒకటి, రెండు.
నోరు మూశాడు.

రెండోదీ అలాంటిదే అనుకున్నా.
అదే పేరు, అదే కేక. రాత్రి పదిన్నర.
వేళచ్చేరి వైపు ఆఖరి బస్సు ఇంకో పావుగంటలో.
అదే అంకె ఇక్కడా అతికించాను.
మస్తాన్ పీకాడు, పెట్టాడు, పీకాడు.
చడీ చప్పుడూ లేదు.
సంచీ భుజాన వేసుకుని "వస్తా అక్కా" అన్నాడు.

మరీ సులువుగా మాట విన్న పిల్లాణ్ణి చూస్తే
అనుమానం వస్తుంది చూడండి,
అలా అనిపించి మళ్ళీ కూర్చున్నా.
టీ మరకల కాగితం వెనక బాణాలు గీశాను.

వస్తువుని పీకగానే
నేను లోపల గడియ పెట్టుకుని కూర్చుని
పనివాడు పని ముగించేదాకా కదలను అంటున్నా.
పనివాడు బయట నిలబడి
గడియ తీస్తేగాని పని ముగియదంటున్నాడు.
ఇద్దరిదీ న్యాయమే.
ఇక్కడ తండ్రీ లేడు, కొడుకూ లేడు,
ఉన్నది ఒకే తలుపు.
నేను రాసిన అంకె
కాపలావాడి కళ్ళకి కట్టిన గుడ్డ.

బస్సు పోయింది.
అంకె చెరిపేశాను. వాడు మళ్ళీ అరిచాడు,
ఈసారి ఆ అరుపు చెవికి హాయిగా ఉంది.
ముందు గడియ తీయాలి. పనివాణ్ణి పోనివ్వాలి.
మళ్ళీ పెట్టుకునేముందు తడిమి చూసుకోవాలి,
ఈలోగా వస్తువే మారిపోయిందేమో,
ఎవరో వేరేది తగిలించారేమో.
పదిహేడు వరసలు. రెండు గంటలైంది.
పీకే మనిషి లేడు గనక నేనే పీకాను, నేనే పెట్టాను,
వేళ్ళు మండేదాకా.

పొద్దున సందులోకి వచ్చి చూస్తే
మలుపు దగ్గర ఒకే ఒక్క ఖాళీ ఉంది,
లారీ పక్కకి ఒదగాలంటే అదొక్కటే చోటు.
అందులో నా స్కూటీ. ఆరేళ్ళుగా.

తోసుకుంటూ లోపలికి పెట్టాను.
ఏళుమలై తల ఎత్తలేదు.
"దుప్పటి కూడా ఉందా, చొక్కాలేనా?" అన్నాడు.